పేరడగని అవ్వ

ప్రతి ఏటా, పోయిన పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస నాడు రాజలింగు ఇంట్లో మూడు చాటలు ఉండవలసిన చోట నాలుగు ఉండేవి. ఒకటి తండ్రికి, ఒకటి తల్లికి, ఒకటి చిన్నప్పుడే పోయిన అన్నకు. చాటలో బియ్యం, పప్పు, చింతపండు, ఉప్పు, మిరపకాయలు, పెరట్లో కాసిన బీరకాయో సొరకాయో. జంగం కాశయ్య వచ్చి అరుగు మీద కూచుని, ఒక్కొక్కరి పేరు అడిగి, ఆ పేరు మీద బియ్యం అందుకుని జోలెలో పోసుకునేవాడు. పోయినవాళ్లకు ముట్టినట్టే. మూడు చాటలు ఖాళీ అయ్యేవి. నాలుగోదాని దగ్గర రాజలింగు చెయ్యి ఆగిపోయేది. కాశయ్య కాసేపు చూసి లేచేవాడు. మరునాడు భార్య ఈరవ్వ ఆ బియ్యాన్నే వండి పెట్టేది.

నాలుగో చాట ఫ్రాన్సు దేశంలో, పేరు తెలియని ఒక ఊళ్లో, పేరు తెలియని ఒక ఇంటివాళ్లది. వాళ్లు చచ్చిపోయి ఉంటే ఏడాదికొకసారి పిడికెడు బియ్యానికి నోచుకోక ఆకలితో తిరుగుతుంటారు. బతికే ఉంటే, బతికున్నవాళ్ల పేరు మీద పోయినవాళ్ల బియ్యం ఇవ్వడమంటే చేతులారా వాళ్ల ఆయుష్షు తీయడమే. వాళ్లు ఉన్నారా లేరా, ఆ ఒక్క సంగతి తెలిస్తే చాలు. అది తెలియక ఆయన పద్దెనిమిదేళ్లు ఆ చాట ముందు కూచున్నాడు.

రాజలింగు పోయి ఇప్పటికి రెండేళ్లు. బోధన్ వైపు చెరుకు తోలిన పాత రైతులకు ఆయన మొహం గుర్తుంటుంది. షక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర బండ్లను వరుసలో నిలబెట్టే మనిషి. పొడుగ్గా, కొంచెం కుంటుతూ, భుజం మీద ఎర్ర జెండా గుడ్డ వేసుకుని తిరిగేవాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు నేను మొదటిసారి కోటగిరి నుంచి బండి తోలుకుని వచ్చాను. నా ముందు మూడు వందల బండ్లున్నాయి. బరువు తూచే కాటా దాకా చేరడానికి ఒకటిన్నర రోజు. ఎడ్లను విప్పి, బండి నీడన కూచుని, పక్కవాడి కథ వినడం తప్ప మరో పని లేదు. అట్లా పదిహేడు సీజన్లు రాజలింగు చెప్పింది విన్నాను. చెప్పిందే మళ్లీ చెప్పేవాడు. ప్రతిసారీ ఒక కొత్త ముక్క దొరికేది.

మా వరుసలో కోటగిరి పోశన్న అని ఒకడుండేవాడు. నోటికి అడ్డూ ఆపూ లేనివాడు. "ఏం రాజలింగన్నా, జర్మనోడు పట్కపోయి రెండేండ్లు లైన్ల నిలవెట్టిండట నిన్ను. గా పగ మా ఎడ్ల మీద తీర్సుకుంటున్నవా?" అని అడిగేవాడు.

"గాడ లైన్ల నిలవడితె ఒక రొట్టె ముక్కన్న ఇచ్చిండ్రు. నువ్వేమిస్తవు, చెరుకు గడ సుత ఇయ్యవు," అనేవాడు రాజలింగు. పోశన్న నవ్వుతూ బండిలోంచి ఒక గడ లాగి ఇచ్చేవాడు.

ఆయన కథ ఇట్లా మొదలయ్యేది. ఇరవై అయిదేళ్ల వయసులో పని కోసం సికింద్రాబాదు పోయాడు. కంటోన్మెంటులో మనుషులను తీసుకుంటుంటే పటాలానికి వంటవాడుగా చేరాడు. తుపాకీ పట్టలేదు. పిండి పిసికాడు, పప్పు కాచాడు. ఓడెక్కించి ఎడారికి తీసుకుపోయారు. అక్కడ ఒకనాడు పొద్దున చూస్తే చుట్టూ జర్మన్లు. పొయ్యి మీది పప్పు అట్లాగే ఉండగా చేతులెత్తాడు. తరువాత ఇటలీలో బందీ, అక్కడి నుంచి రైలు డబ్బాల్లో ఫ్రాన్సు. ఎపినాల్ అనే పట్నంలో పెద్ద బారకాసులు, వేల మంది హిందుస్తానీ బందీలు. ఆ దేశంలో ఆయనకు తెలిసిన పేరు అదొక్కటే.

నలభై నాలుగులో, ఎండాకాలం మొదట్లో, ఒకరోజు పొద్దున అమెరికా విమానాలు వచ్చి ఆ బారకాసుల మీదే బాంబులు వేశాయి. గోడలు కూలాయి. చచ్చినవాళ్లు చావగా, మిగిలినవాళ్లు గోడ కూలిన సందులోంచి బయటపడి అడవుల్లోకి నడిచారు. దక్షిణాన నాలుగైదు రోజుల నడక దూరంలో యుద్ధం లేని దేశం ఉందని ఎవరో చెప్పారు. రాజలింగు పాదంలో ఇనప ముక్క దిగింది. రెండు రాత్రులు తోటివాళ్లు మోశారు. మూడోనాడు ఒక ఊరి అంచున ఉన్న ఇంటి పశువుల కొట్టం ముందు దింపి, మొక్కి, వెళ్లిపోయారు.

ఆ ఇంట్లో ముగ్గురు. ఒక ముసలామె, ఆమె పెనిమిటి, ఇరవై ఏళ్ల కొడుకు. ఆమె ఈయన్ను చూసి అరవలేదు. కొడుకును పిలిచింది. ఇద్దరూ కలిసి నిచ్చెన మీదుగా కొట్టం అటక మీదికి ఎక్కించి గడ్డిలో పడుకోబెట్టారు. నలభై మూడు రోజులు అక్కడే ఉన్నాడు. పగలు కిందికి దిగకూడదు. అటక చెక్కల మధ్య వేలెడు సందు. అందులోంచి ఆయన చూసిన ఫ్రాన్సు ఎంతంటే, ఒక నీళ్ల తొట్టి, రోడ్డు ముక్క ఒకటి, ఎదురింటి కప్పు మూల. ఊరికి పటేలు లాంటి మనిషి ఒకాయన రెండుసార్లు డాక్టరును వెంటబెట్టుకొచ్చాడు. పాలు పితకడానికి వచ్చే ఆడవాళ్లు, చర్చి అయ్యగారు, పిల్లలు, అందరికీ తెలుసు. ఊరు ఊరంతా తెలిసి నోరు మూసుకుంది. ఎవరైనా బందీలను దాచినట్టు దొరికితే కాల్చేస్తామని జర్మన్లు గోడలకు కాగితాలు అంటించిన రోజులవి.

నడవగలిగాక, చీకటి పడితే కిందికి దిగి పొయ్యి దగ్గర కూచునేవాడు. ఒకనాడు పిండి అడిగి తీసుకుని, ఇనప పెనం మీద రొట్టెలు కాల్చాడు. ముసలాయన రొట్టెను దీపానికి అడ్డం పెట్టి చూసి నవ్వాడట. ఆమె దాని మీద పండ్ల పాకం రాసి చుట్ట చుట్టి తిన్నది. ఆమెను అవ్వ అనేవాడు, ముసలాయనను బాపు అనేవాడు, కొడుకును తమ్ముడు అనేవాడు. ఆ మాటలకు వాళ్లు పలికేవాళ్లు. వాళ్లు ఈయన్ను ‘ఎందూ’ అనేవాళ్లు. వాళ్ల భాషలో హిందువును అట్లా అంటారట. ఇక పేర్లతో పనేముంది?

ఒకరోజు తెల్లవారకముందే తమ్ముడు వచ్చి లేపాడు. కొండల మీదుగా రెండు రోజులు నడిపించి, ఒక ముళ్ల కంచె చూపించి, వెన్ను తట్టి తిరిగిపోయాడు. రాజలింగు కంచె దాటి స్విట్జర్లాండు చేరాడు. ఆ చలికాలం అక్కడి శిబిరానికి కొత్తగా వచ్చిన ఒక గఢ్వాలీ సిపాయి చెప్పాడు. హిందుస్తానీలకు అన్నం పెట్టిన ఒక ఊళ్లో మగవాళ్లందరినీ చర్చి గోడకు నిలబెట్టి కాల్చారట. ఊరి పేరు కూడా చెప్పాడు, అది ఈయన నోట నిలవలేదు. ఆ పేరు విని రాజలింగు ఏం చేయగలడు? తానున్న ఊరి పేరు తెలిస్తే కదా, అదో కాదో తెలిసేది.

నలభై ఆరులో ఇంటికొచ్చాడు. ఆ ఏటి నుంచే నాలుగో చాట. ఊళ్లో ఎవరికన్నా చెప్పుకుందామంటే, రెండేళ్లు తిరక్కుండానే ఇక్కడ రజాకార్లు, ఆ తరువాత పోలీస్ యాక్షన్. ఆడ ఊరు కాలితే మాకెందుకు, ఈడ కాలలేదా అన్నారు. ఈరవ్వ ఒక్కతే వినేది. ఆమెకు ఒకటే పట్టుదల. తెలిసేదాకా బియ్యం ఇయ్యొద్దు. ఆకలితో ఉన్నా ఓర్చుకుంటారు, ఆయుష్షు తీస్తే మళ్లీ ఇయ్యలేం అనేది.

అరవై మూడు సీజనులో ఫ్యాక్టరీలో కొత్త యంత్రం బిగించడానికి ఫ్రాన్సు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. అందరూ ఫ్రాన్సు దొర అనేవాళ్లు. ఆయనతో తిరిగే మిస్త్రీ బాపురావు. ఇద్దరిదీ సగం సగం ఇంగ్లీషు, కలిపితే ఒక ఇంగ్లీషు. ఈ కబురు వినగానే రాజలింగు మూడు రోజులు గేటు దగ్గర జెండా తిప్పడం మరచిపోయాడు. బండ్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. నాలుగోనాడు మధ్యాహ్నం, దొర వేపచెట్టు కింద టిఫిన్ డబ్బా విప్పుతుంటే, ఉతికిన బట్టలు కట్టుకుని పోయి నిలబడ్డాడు. తోడుండమంటే నేనూ పోయాను.

బాపురావు విని దొరకు చెప్పాడు. దొర డబ్బా మూత పెట్టేశాడు. ఏదో అడిగాడు.

"ఊరి పేరేందని అడుగుతున్నడు," అన్నాడు బాపురావు.

"తెల్వది."

"ఇంటోళ్ల పేరు?"

"తెల్వది."

"నెలన్నర వాళ్ల తిండి తిన్నవు గదా రాజలింగూ. పేరడగకపోతె ఎట్ల?"

"అన్నం పెట్టే అవ్వను నీ పేరేందని ఎట్ల అడుగుత బాపురావు సాబ్? మీ అవ్వను మీరు అడిగిండ్రా?"

బాపురావుకు ఇది ఇంగ్లీషులో ఎట్లా చెప్పాలో తోచలేదు. చాలాసేపు చేతులు తిప్పి చెప్పాడు. ఫ్రాన్సు దొరకు అర్థమయిందో లేదో నాకు తెలియదు. కానీ తన సంగతి ఒకటి చెప్పాడు. యుద్ధంలో తాను పదేళ్లవాడినని, తమది దేశానికి మరో కొసన ఉన్న ఊరని, అక్కడ కూడా పంచాయతీ ముందు చచ్చిపోయినవాళ్ల పేర్లు చెక్కిన రాయి ఉందని, అందులో తన చిన్నాయన పేరుందని. ఆ దేశంలో ఎంత చిన్న ఊరైనా అట్లాంటి రాయి లేని ఊరుండదట.

ఏం గుర్తుందో చెప్పమన్నాడు. రాజలింగు చెప్పాడు. నీళ్లతొట్టి. రోడ్డు. నడుం మీద తెల్ల మచ్చ ఉన్న ఆవు. అవ్వ చెక్క చెప్పులు. తాను కాల్చిన రొట్టెలు. దొర అన్నీ రాసుకున్నాడు. పోయేముందు కెమెరాతో రాజలింగు ఫోటో తీసుకున్నాడు. ఎపినాల్‌కు రెండు మూడు రోజుల నడకలో ఉన్న ఊళ్లు తిరిగి ఆ ఫోటో చూపిస్తానన్నాడు. ఏప్రిల్‌లో సీజను అయిపోయింది, ఆయన వెళ్లిపోయాడు.

ఆ ఎండాకాలం రాజలింగు మనిషి మారిపోయాడు. తిండి దగ్గర నవ్వేవాడు. పోస్టాఫీసుకు రోజూ పోయేవాడు. తెలుస్తుంది, ఏదో ఒకటి తెలుస్తుంది అనేవాడు. చచ్చిపోయారని తెలిసినా సరే, వాళ్లకింత ముట్టజెబుతాను అనేవాడు.

ఉత్తరం భాద్రపదంలో వచ్చింది, పెత్రమాసకు పన్నెండు రోజుల ముందు. చెరుకు కొట్టే ఆర్డరు కోసం నేను ఫ్యాక్టరీకి వచ్చి ఉన్నాను. బాపురావు క్వార్టరు వరండాలో కూచున్నాం. కవరులో అయిదు ఫోటోలు, మూడు పేజీల ఉత్తరం, ఇంకో కాగితం. బాపురావు చదువుతూ, ఆగుతూ, తెలుగులో చెప్పాడు.

దొర అయిదు ఊళ్లు తిరిగాడు. అయిదింటిలోనూ హిందుస్తానీలను దాచారు. పంచాయతీ ఆఫీసుల్లో అడిగి ఆ ఇళ్లకే పోయాడు. ప్రతి ఊళ్లోనూ ఒక ఎందూ పిండి అడిగి రొట్టెలు కాల్చాడట. ప్రతి ఇంటి ముసలామెనూ వాళ్లు అమ్మా అని పిలిచారట. ఆ ఎందూల్లో ఒక్కరు కూడా ఆమె పేరు అడగలేదట. మేమూ అతని పేరు అడగలేదు, ఎక్కడన్నా బతికి ఉన్నాడా అని వాళ్లే దొరను అడిగారట. రెండు ఊళ్లలో ముసలామెలు పోయారు. ఒకామె దాచిన ఎందూ పొట్టివాడని, ఇంకొకామె దాచినవాడు గడ్డమున్న సర్దారని ఇంటివాళ్లు చెప్పారు. ఆ రెండూ కావు. మిగిలిన మూడు ఊళ్లలో ముగ్గురు ముసలామెలు ఉన్నారు. ముగ్గురికీ రాజలింగు ఫోటో చూపించాడు.

"సూపిస్తె?" అన్నాడు రాజలింగు.

బాపురావు కాగితం వంక చూస్తూనే ఉన్నాడు. "ముగ్గురు సుత నువ్వేనన్నరట. ముగ్గురు ఏడ్సిండ్రట."

మొదటి ఊళ్లో ఆమె పెనిమిటినీ కొడుకునూ ఒకే రోజు చర్చి గోడకు నిలబెట్టి కాల్చారు. రెండో ఊళ్లో జర్మన్లు వెతికి దొరక్క వెళ్లిపోయారు. ఆమె పెనిమిటి ఎనభై దాటి ఇంకా ఉన్నాడు, కొడుకు పాల డెయిరీ నడుపుతున్నాడు, దొరకు తలుపు తీసింది అతనే. మూడో ఊళ్లో మగవాళ్లను లారీల్లో తోలుకుపోయారు. ఆమె పెనిమిటి తిరిగొచ్చాడు, కొడుకు రాలేదు.

కొడుకు డెయిరీ నడుపుతున్నాడని విన్నప్పుడు రాజలింగు మొహం వెలిగింది. అదే ఇల్లు అన్నాడు. బాపురావు, ఎట్ల తెలుసు అని అడిగాడు. ఈ తమ్ముడికి ఆ రోజులు గుర్తుండవా, అతనేమన్నాడు అని నేను అడిగాను. బాపురావు వెనక్కి తిప్పి చదివాడు. ఆ కొడుకు అప్పుడు అడవిలో దళంలో ఉన్నాడట. ఎందూను ఒక్కసారే చూశాడు. సరిహద్దుకు తీసుకుపోయింది తాను కాదు, పక్క ఊరి కుర్రవాడని అన్నాడట. మరి రాజలింగు తమ్ముడని పిలిచింది ఇంటి కొడుకునా, వచ్చిపోయే పక్క ఊరి పిల్లవాడినా? రాజలింగు ఒకసారి ఇంటోడే అన్నాడు, ఒకసారి ఏమో అన్నాడు. ఇరవై ఏళ్లుగా తప్పులేకుండా చెప్పిన కథ ఆ వరండాలో మొదటిసారి తడబడింది.

ఫోటోలు ఆయన ముందు పరిచాం. అయిదు ఊళ్లు, అయిదు చర్చిలు, అయిదు రాళ్లు. ఎండలో తీసిన మంచి ఫోటోలు. ఆయన ఒక్కోటి తీసి కంటికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశాడు. ఆ ఊరిని ఆయన బయటి నుంచి ఎన్నడూ చూడలేదు. వచ్చినప్పుడు మోసుకొచ్చారు, పోయేటప్పుడు చీకటి.

"లోపటిది ఒక్కటి లేదా?" అని అడిగాడు. లేదు.

రెండో కాగితం మీద రాళ్ల మీది పేర్లున్నాయి. ఆ మూడు ఊళ్లవాళ్లలో ఆ యుద్ధమంతటా జర్మన్లు చంపినవాళ్లు, ముప్పై ఒక్క మంది, పేరు, వయసు. బాపురావు పలికితే నేను తెలుగులో రాశాను. ఈ పేర్లను ఏం చేయాలో మా ముగ్గురికీ తెలియలేదు. ఆ రాత్రి ఇంటికి పోయి ఈరవ్వకు చెబితే ఆమె వెంటనే తేల్చేసిందట. వీళ్లయితే ఎట్లాగూ పోయినోళ్లే కదా, వీళ్ల ఆయుష్షుకు వచ్చే కష్టం లేదు, అందరికీ ఇయ్యి అన్నదట. నీవాళ్లు అందులో ఉంటే వాళ్లకు ముడుతుంది, లేకపోతే ఎవరో ఒక తల్లి కొడుకులకే ముడుతుంది అన్నది.

పెత్రమాస నాడు మా ఇంట్లో పొద్దున్నే బియ్యమిచ్చేసి, సైకిలెక్కి వాళ్ల ఊరికి పోయాను. ఆడపిల్లలు ఎంగిలిపూల బతుకమ్మకు తంగేడు తెచ్చుకుంటున్నారు. మూడు చాటలు అప్పటికే అయిపోయాయి. ఈరవ్వ నాలుగో చాటలో రెండు సోలల బియ్యం ఎక్కువ పోసింది. కాశయ్య కాగితం తీసుకుని చూసి, నా నోరు తిరగదయ్యా, నువ్వు చదువు, నీ వెనక నేనంట అన్నాడు. నేను ఒక్కో పేరు చదివాను. కాశయ్య తన నోటికి వచ్చినట్టు అన్నాడు. రాజలింగు ఒక్కో పేరుకు పిడికెడు బియ్యం తీసి జోలెలో వేశాడు.

ఎమీల్ బర్తో, యాభై ఎనిమిదేళ్లు. జూల్ బర్తో, పంతొమ్మిదేళ్లు. వీళ్లు తండ్రీ కొడుకులు. నేను చదివి ఆగాను. మొదటి ఊళ్లో ఆమె పెనిమిటి, కొడుకు వీళ్లేనని ఉత్తరంలో ఉంది. రాజలింగు నా మొహం చూశాడు. చెయ్యి చాటలో ఉంది. నేను తల ఊపలేదు, అడ్డంగానూ ఊపలేదు. ఆయన రెండు పిడికిళ్లు వేశాడు. మళ్లీ ఇంకో తండ్రీ కొడుకులు వచ్చారు. ఆ తరువాత ఇద్దరు అన్నదమ్ములు. తరువాత డెబ్బై ఏళ్లాయన ఒకడు. ప్రతి పేరు దగ్గరా ఆయన చెవి ఒగ్గి వినేవాడు, ఆ పేరు తనను గుర్తుపట్టి పలకరిస్తుందేమో అన్నట్టు.

ఇరవయ్యో పేరుకు వేసిన తరువాత చెయ్యి చాట అంచు మీద ఆగింది. ఆడవాళ్ల పాట గల్లీ చివర వినబడుతోంది. ఈరవ్వ తలుపు దగ్గర నిలబడి ఉంది.

"మా నాయిన పేరుకు ఏడ్సిన, మా అవ్వ పేరుకు ఏడ్సిన," అన్నాడు రాజలింగు మెల్లగా. "కాశయ్యా, గిండ్ల ఏ పేరుకు ఏడ్వాలె నేను?"

కాశయ్య జోలె అంచులు సరిచేసుకున్నాడు. కాగితం మీద ఇంకా పదకొండు పేర్లున్నాయి. నేను తరువాతి పేరు చదివాను.